నెమలి రంగు ఆకు, నల్ల చట్టం, రబ్బరు పాలు: ఒక అడవి బెగోనియా కథ

 

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు పెద్దగా లేరు, కోటలు లేవు, కత్తియుద్ధాలు అసలే లేవు. ఒక మొక్క ఉంది. మోకాలి ఎత్తు కూడా రాని మొక్క. "మొక్క మీద హిస్టరీ ఎపిసోడ్ ఏంటి రా బాబూ" అని స్కిప్ కొట్టేలోపు ఒక్క మాట వినండి. ఈ మొక్క ఇంటిపేరు వెనక ఒక బానిసత్వ చట్టం ఉంది. దానికి సొంత పేరు పెట్టిన మనిషి వెనక మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లిపోయిన వేలమంది ఉన్నారు. ఇక ఆ ఆకు లోపల ఉన్న ఇంజనీరింగ్ చూస్తే, మన ఫోన్ స్క్రీన్లు చేసేవాళ్లు కూడా కాసేపు ఆగి చూడాల్సిందే.

మొక్క పేరు బెగోనియా పావోనీనా. లాటిన్‌లో పావో అంటే నెమలి. అంటే నెమలి బెగోనియా. పుట్టిల్లు మలేషియా ద్వీపకల్పంలోని కొండ అడవులు, కామెరాన్ హైలాండ్స్ ఉన్న వైపు.

ముందు ఆ అడవి ఎలా ఉంటుందో చెప్పాలి. వానాడవి అనగానే మనం గూగుల్ ఫొటోల్లో చూసే పచ్చటి వెలుగు గుర్తొస్తుంది. నిజానికి కింద నేల మీద నిలబడితే మధ్యాహ్నం పన్నెండింటికి కూడా మసకే. పైన పెద్ద చెట్ల కొమ్మలన్నీ కలిసి గొడుగు పట్టినట్టు ఉంటాయి. ఆకాశం నుంచి వచ్చే వెలుగులో నూటికి ఒకటో రెండో పాళ్లు మాత్రమే నేల దాకా దిగుతాయి. ఆ దిగింది కూడా నాణ్యమైన సరుకు కాదు. ఆకులకి బాగా కావాల్సినవి ఎరుపు, నీలం వెలుగులు. ఆ రెండిటినీ పైనున్న చెట్లు ముందే లాగేసుకుంటాయి. కిందకి చేరేదాంట్లో ఎక్కువ భాగం ఆకుపచ్చ వెలుగే. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి కూర్చున్నవాడి పరిస్థితి అన్నమాట. గారెలు అయిపోయాయి, బొబ్బట్లు అయిపోయాయి, చారు మిగిలింది.

ఆ చారుతో బతికే మొక్క ఇది. అలాంటి చోట, తడి రాళ్ల పక్కన, దీని ఆకులు నీలంగా మెరుస్తుంటాయి. లేత నీలం కాదు, నెమలి మెడ మీద ఉండే నీలం. ఒక పక్క నుంచి చూస్తే నీలం, కాస్త ఒరిగి చూస్తే మామూలు ఆకుపచ్చ. ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే లోపల బల్బు పెట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఆకుని రోట్లో వేసి నూరండి. నీలం రసం రాదు. ఎందుకంటే ఆ మెరుపు ఇచ్చే నీలం రంగు పదార్థం ఏదీ దాంట్లో లేదు. నెమలి ఈకలో కూడా అంతే తెలుసా? దాన్ని పొడి చేస్తే వచ్చేది గోధుమ రంగు పొడే. వాన పడ్డాక రోడ్డు మీద పెట్రోలు మరకలో రంగులు చూసుంటారు, సబ్బు బుడగలో చూసుంటారు. అక్కడ రంగు పదార్థంలో లేదు, పొరల్లో ఉంది. పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు వెలుగు వాటి మధ్య తగిలి వెనక్కి వచ్చే తీరు వల్ల ఒక రంగు బలపడుతుంది, ఇంకో రంగు ఆరిపోతుంది. ఈ ఆకులో జరిగేది అదే.

దీన్ని పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1970లలో డేవిడ్ లీ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త కౌలాలంపూర్‌లోని మలయా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. అక్కడి అడవుల్లో నీలంగా మెరిసే ఆకుల్ని చూసి ఆయనకి పిచ్చి పట్టింది. మంచి పిచ్చి. 1975లో లౌరీ అనే సహోద్యోగితో కలిసి, ఇంకో నీలి మొక్క మీద 'నేచర్' పత్రికలో వ్యాసం వేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1996లో, కెవిన్ గోల్డ్‌తో కలిసి నాలుగు మలేషియా మొక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాడు. ఆ నాలుగింట్లో మన నెమలి బెగోనియా ఒకటి.

కనిపించింది ఏంటంటే, ఆకు పై పొర కణాల్లో విచిత్రమైన హరితరేణువులు ఉన్నాయి. హరితరేణువు అంటే తొమ్మిదో తరగతి పాఠమే, ఆకులో వంట జరిగే గది. మామూలు మొక్కల్లో ఈ గదులు ఎక్కువగా ఆకు మధ్య పొరల్లో ఉంటాయి. లోపల థైలకాయిడ్లు అనే పలకలు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. ఆ గుట్టల్లో పెద్ద వరస, తీరు ఏమీ ఉండవు, హాస్టల్ రూమ్‌లో పుస్తకాల్లాగా. నెమలి బెగోనియా పై పొరలో మాత్రం మూడు నాలుగు పలకల చొప్పున చిన్న కట్టలు కట్టి, కట్టకీ కట్టకీ మధ్య కొలిచినట్టు ఒకే దూరం వదిలిపెట్టి ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకుని అడ్డంగా కోసి చూస్తే పొరలు కనిపిస్తాయే, అలా. ఈ ప్రత్యేకమైన హరితరేణువులకి ఐరిడోప్లాస్ట్ అని పేరు.

సరే, మెరుస్తోంది. మెరిస్తే మొక్కకేంటి లాభం? వెలుగే లేని చోట ఉన్న కాస్త వెలుగునీ వెనక్కి కొట్టేయడం పిచ్చి పని కదా? ఈ ప్రశ్నకి గట్టి జవాబు 2016 అక్టోబర్‌లో వచ్చింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో హెదర్ విట్నీ, రూత్ ఔల్టన్ బృందం 'నేచర్ ప్లాంట్స్' అనే పత్రికలో ఆ ఫలితాలు వేసింది. ఒకరు మొక్కల మనిషి, ఒకరు ఫిజిక్స్ మనిషి. వాళ్లు చెప్పింది ఇది: ఆ పొరల అమరిక నీలం వెలుగుని వెనక్కి పంపుతుంది, నిజమే. కానీ అదే అమరిక, ఆకుపచ్చ వైపు వెలుగుని పొరల మధ్య ఇంకాస్త ఎక్కువగా ఒడిసిపడుతుంది. అంటే పైనవాళ్లు తినేసిన నీలం ఎలాగూ తన దాకా పెద్దగా రాదు కాబట్టి దాన్ని వదిలేసి, మిగిలిన చారుని చుక్క వదలకుండా జుర్రుకునే ఏర్పాటు. మసక వెలుగులో కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం దీని వల్ల 5 నుంచి 10 శాతం దాకా పెరుగుతోందని వాళ్లు లెక్క కట్టారు.

5 శాతం అంటే నవ్వకండి. నెల జీతం మొత్తం అద్దెకీ బియ్యానికీ సరిపోయేవాడికి 5 శాతం పెంపు అంటే ఏంటో అడగండి.

మనం చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనుకునే ఆ నీలం, మొక్క దృష్టిలో అక్కర్లేక బయట పారేసినది. నాకు ఈ కథ మొత్తంలో చాలా నచ్చిన ముక్క ఇదే.

మిగతా శరీరం సంగతి కూడా కొంచెం చూద్దాం. బెగోనియాల్లో చాలావాటికి ఒక గుర్తు ఉంటుంది. ఆకు రెండు సగాలూ సమానంగా ఉండవు. ఈనె మధ్యలో పెట్టి మడిస్తే ఒక పక్క మిగిలిపోతుంది. ఏనుగు చెవిలా ఒక వైపు జారినట్టు ఉంటుంది. లినేయస్ 1753లో మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు ఒక బెగోనియాకి ఆబ్లిక్వా, అంటే ఏటవాలుది, అని పేరు పెట్టాడు. కాడ కొరికితే పుల్లగా ఉంటుంది, ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. కొరికి చూడమని నేను చెప్పట్లేదు.

పూల దగ్గర ఇంకో తమాషా. ఒకే మొక్క మీద మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. మగ పూలో పసుపు కేసరాలు కుచ్చులా ఉంటాయి, తేనెటీగ పుప్పొడి కోసం వస్తుంది. ఆడ పూలో పుప్పొడి లేదు, చాలా రకాల్లో మకరందం కూడా లేదు. పెట్టడానికి ఇంట్లో ఏమీ లేదు, చుట్టం మాత్రం రావాలి. ఏం చేస్తుంది? దాని కీలాగ్రాలు పసుపు రంగులో మెలికలు తిరిగి అచ్చం కేసరాల కుచ్చులా కనిపిస్తాయి. తేనెటీగ మోసపోయి వాలుతుంది, ముందటి పూవు నుంచి ఒంటికి అంటుకున్న పుప్పొడి ఇక్కడ రాలుతుంది, పని అయిపోతుంది. ఈగకి దక్కేది సున్నా. తర్వాత రెక్కల కాయ వస్తుంది. పావోనీనా ఉన్న గుంపులో ఒక రెక్క మిగతావాటి కంటే పొడుగ్గా ఉంటుంది, వాన చినుకు తగిలినప్పుడు కాయలోంచి గింజలు చిమ్ముతాయి. గింజలు ఎంత చిన్నవంటే, అరచేతిలో పోస్తే ముక్కుపొడుం అనుకుంటారు.

అంత చిన్న గింజ ఎంతో దూరం పోలేదు. అందుకే ఈ లోయలో ఒక రకం, ఆ కొండ మీద ఇంకో రకం. ప్రపంచంలో ఇప్పటికి 2 వేలకి పైగా బెగోనియా జాతులకి పేర్లు పెట్టారు. పూల మొక్కల్లో ఇంత పెద్ద ప్రజాతులు చాలా తక్కువ. మలేషియాలో కొన్ని రకాలు ఒకే ఒక్క సున్నపురాయి కొండ మీద తప్ప ఇంకెక్కడా లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక ఇంటిపేరు కథకి వద్దాం. బెగోనియా అనే పేరు ఎక్కడిది?

మిషెల్ బెగోన్. 1638లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. పద్నాలుగో లూయీ రాజు కాలం. చదువుకున్నవాడు, పుస్తకాలు, నాణేలు, బొమ్మలు, మొక్కలు పోగుచేసే సరదా ఉన్నవాడు. ఉద్యోగం మాత్రం రాజు గారి పరిపాలన. 1682లో ఆయన్ని కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచ్ ద్వీపాలకి ఇంటెండెంట్‌గా పంపారు. మన లెక్కలో కలెక్టరూ, ఖజానా అధికారీ, జడ్జీ కలిపి ఒక్కడే అనుకోండి.

ఆ ద్వీపాల్లో అప్పుడు చెరకు తోటలు పెరుగుతున్నాయి. చెరకు నరికి, గానుగ ఆడి, బెల్లం పాకం కాచడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులు వేసి తెస్తున్నారు. వాళ్లని ఎలా పట్టి ఉంచాలి, పారిపోతే ఏం చేయాలి, వాళ్ల పిల్లలు ఎవరి ఆస్తి, ఇవన్నీ ఒక చట్టంగా రాయమని పారిస్ నుంచి ఆర్డర్ వచ్చింది. గవర్నర్ జనరల్ బ్లెనాక్‌తో కలిసి బెగోన్ 1683లో ముసాయిదా తయారుచేసి పంపాడు. దాన్ని ఆధారం చేసుకుని 1685 మార్చిలో రాజు సంతకం పెట్టిన చట్టమే 'కోడ్ నువార్'. తెలుగులో చెప్పాలంటే నల్ల చట్టం.

అందులో 60 నిబంధనలు ఉన్నాయి. 44వ నిబంధన బానిస అంటే చరాస్తి అంటుంది. మంచం, కుర్చీ, ఎద్దు, మనిషి, అన్నీ ఒకే పద్దు. 38వది పారిపోయినవాళ్ల గురించి. నెల రోజులు కనిపించకపోతే రెండు చెవులూ కోసి, ఒక భుజం మీద కాల్చిన ఇనుముతో ముద్ర వేయాలి. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం కోసి, రెండో భుజం మీద ముద్ర. మూడోసారికి చావు. ఆ ముద్ర ఏంటో తెలుసా? ఫ్రెంచ్ రాజుల చిహ్నం, లిల్లీ పువ్వు.

పువ్వు. మళ్లీ పువ్వే.

ఫ్రాన్స్ బానిసత్వాన్ని 1794లో ఒకసారి రద్దు చేసింది, 1802లో నెపోలియన్ దాన్ని తిరిగి తెచ్చాడు, చివరికి 1848లో పోయింది. అంటే సుమారు నూట అరవై ఏళ్లు.

మరి మొక్కకి ఈయన పేరు ఎలా వచ్చింది? బెగోన్ తిరిగి ఫ్రాన్స్ వచ్చి ముందు మార్సేలో, తర్వాత 1688 నుంచి రోష్‌ఫోర్ అనే నౌకాదళ పట్టణంలో పనిచేశాడు. ద్వీపాల మొక్కల మీద పరిశోధన చేయడానికి ఎవరైనా కావాలని రాజు అడిగితే, ఈయన సిఫారసుతోనే 1689లో ఇద్దరు ఓడెక్కారు. ఒకరు సూరియన్ అనే వైద్యుడు, ఇంకొకరు షార్ల్ ప్లూమియే అనే సన్యాసి. ప్లూమియే మొత్తం మూడుసార్లు ఆ ద్వీపాలకి వెళ్లాడు. సుమారు 6 వేల బొమ్మలు గీశాడు. నిజంగా మహానుభావుడే. నాలుగోసారి ప్రయాణానికి స్పెయిన్ రేవులో ఓడ కోసం ఎదురుచూస్తూ 1704లో చనిపోయాడు.

ఆయనకి ఒక అలవాటు. కొత్త మొక్క దొరికితే ఒక మనిషి పేరు పెట్టేవాడు. మాన్యోల్ అనే వృక్షశాస్త్రవేత్త పేరుతో మాగ్నోలియా, ఫుక్స్ అనే జర్మన్ వైద్యుడి పేరుతో ఫ్యూషియా. తనకి దారి చూపించిన అధికారి పేరుతో బెగోనియా. లినేయస్ వీటన్నిటినీ అలాగే తీసుకున్నాడు. అన్నట్టు ప్లూమియే పేరు మీద కూడా ఒక చెట్టు ఉంది, ప్లూమీరియా. అది ఎవరో అనుకోకండి, మన గుళ్ల దగ్గర తెల్లగా రాలి ఉండే దేవగన్నేరు! అది కూడా ఆ అమెరికా ఖండం వైపు నుంచి వచ్చినదే.

నేను ఇక్కడ కాసేపు ఆగిపోయాను, స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు. ఆ ద్వీపాల్లో ఏ వాగు పక్కన ఏ మొక్క ఉందో ఆ సన్యాసికి ఎవరు చూపించి ఉంటారు? కొండల్లోకి పారిపోయి దాక్కున్నవాళ్లకి ఆ వాగులన్నీ తెలుసు. తోటల్లో పనిచేసేవాళ్లకి ఏ ఆకు పులుపో, ఏ ఆకు మందో తెలుసు. వాళ్లెవరి పేరూ ఏ పువ్వుకీ లేదు. వాళ్ల చెవులు కోయమని రాసిచ్చిన ఆఫీసర్ పేరు 2 వేల జాతుల మీద ఉంది. ఇది నేను బెగోన్‌ని రాక్షసుడిగా చూపించడానికి చెప్పట్లేదు. ఆయన రోజుల్లో అది ఫైలు మీద సంతకం, రోజువారీ పని. భయమేసేది అందుకే.

రోష్‌ఫోర్‌లో ఇప్పుడు ఆయన జ్ఞాపకంగా ఒక బెగోనియా సంరక్షణ కేంద్రం ఉంది. ప్రపంచంలో ఉన్న పెద్ద బెగోనియా సేకరణల్లో అది ఒకటి. అద్దాల ఇళ్లలో వందల రకాలు పెంచుతున్నారు. అడవి పోయినా మొక్క మిగలాలంటే అలాంటి చోట్లు కావాలి. మంచి పని మంచి పనే.

ఇక కరీబియన్ వదిలేసి మళ్లీ మలయాకి రండి. మధ్యలో అస్సాం నుంచి వెళ్లిన ఒక బెగోనియా, 1857లో బ్రస్సెల్స్‌లో రెక్స్ అనే పేరు తెచ్చుకుని యూరప్ ధనవంతుల ఇళ్లని ఏలింది. ఇప్పుడు కడియం నర్సరీల్లో రంగురంగుల ఆకులతో కనిపించే రెక్స్ బెగోనియాలన్నీ దాని సంతానమే. అది వేరే ఎపిసోడ్ సరుకు.

మన నెమలి బెగోనియాకి పేరు పెట్టింది హెన్రీ నికొలస్ రిడ్లీ. 1855లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, 1888 నుంచి 1911 దాకా సింగపూర్ బొటానికల్ గార్డెన్స్ డైరెక్టర్. అడవుల్లో తిరగడం, మొక్కలు పోగుచేయడం, రాయడం, అదే జీవితం. 1909లో మలయా కొండల మొక్కల మీద రాస్తూ ఈ నీలి బెగోనియాని లోకానికి పరిచయం చేశాడు. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలి. ఏ గవర్నర్ పేరో, ఏ దొరసాని పేరో పెట్టకుండా, ఆకుని చూసి నెమలి అన్నాడు. చూసినవాడి మాట అది. తర్వాత 1922 నుంచి 1925 మధ్య మలయా ద్వీపకల్పం మొక్కల మీద ఐదు సంపుటాలు తెచ్చాడు.

కానీ లోకం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది నెమలి ఆకుతో కాదు, రబ్బరుతో.

రబ్బరు చెట్టు బ్రెజిల్‌ది. 1876లో వికమ్ అనే ఇంగ్లిష్‌వాడు అక్కడి నుంచి సుమారు 70 వేల గింజలు లండన్ క్యూ గార్డెన్స్‌కి చేర్చాడు. మొలిచింది కొన్నే. వాటిలో 22 మొలకలు 1877లో సింగపూర్ చేరాయి. పదేళ్లు ఎవరికీ పట్టలేదు. రిడ్లీ వచ్చాక, చెట్టుని చంపకుండా బెరడు మీద చేప ముల్లు ఆకారంలో గాట్లు పెట్టి రోజూ పాలు తీసే పద్ధతి కనిపెట్టాడు. కనిపెట్టి, కనబడిన ప్రతి తోట యజమానికీ "రబ్బరు వేయండి, రబ్బరు వేయండి" అని వెంటపడ్డాడు. జేబుల్లో గింజలు వేసుకుని తిరిగేవాడట. కాఫీ దొరలు నవ్వుకుని 'పిచ్చి రిడ్లీ' అని పేరు పెట్టారు. 1896లో మలక్కాలో టాన్ చే యాన్ అనే చైనీస్ వ్యాపారి మొదటిసారి ధైర్యం చేసి తోట వేశాడు. కొన్నేళ్లకి కార్లు వచ్చాయి, టైర్లు కావాల్సి వచ్చాయి. ఇక చూస్కోండి. 1920 నాటికి ప్రపంచ రబ్బరులో సగం దాకా మలయా నుంచే.

తోటలు ఖాళీ నేల మీద రాలేదు. మైదానంలో ఉన్న వానాడవిని నరికి, తగలబెట్టి, వరసలు గీసి నాటారు. అడవిలో ప్రతి ఆకుకీ పేరు పెట్టాలని తిరిగిన మనిషి, ఆ అడవిని తినేసిన చెట్టుకి కూడా దారి వేశాడు. రెండూ ఒకే చేత్తో.

మరి ఆ గాట్లు పెట్టి పాలు తీసేదెవరు? ఇక్కడ వస్తాం మనం.

మలయాకి వెళ్లిన కూలీల్లో ఎక్కువమంది తమిళులు. వాళ్లతో పాటు విశాఖపట్నం, గోదావరి జిల్లాల వైపు నుంచి తెలుగువాళ్లూ వెళ్లారు. కంగాణీ అని ఒక మేస్త్రీ ఊళ్లోకి వచ్చేవాడు, ముందే అక్కడ పనిచేసి వచ్చినవాడు. మెడలో గొలుసు, చేతిలో గొడుగు. "రండి, పని ఉంది, తిండి ఉంది" అని తీసుకెళ్లేవాడు. కరువు ఉన్న ఊళ్లో ఆ మాట చాలు. అక్కడికి వెళ్లాక పని తెల్లవారుజామున మొదలవుతుంది, చల్లగా ఉన్నప్పుడే రబ్బరు పాలు బాగా కారతాయి కాబట్టి. చీకట్లో ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లి, కత్తితో ఆ చేప ముల్లు గాటు మీద పలచగా ఒక చెక్కు తీసి, చిప్ప తగిలించి, మళ్లీ ఎండ ఎక్కాక వచ్చి పాలు పోగుచేసుకోవాలి. జలగలు, దోమలు, మలేరియా. జీతంలోంచి కటింగులు. రబ్బరు తోటల్లోనే కాదు, పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో వైపు కొబ్బరి తోటల్లో కూడా మనవాళ్లు ఊళ్లకి ఊళ్లుగా స్థిరపడ్డారు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల వలసని ఆపేసింది. 1955లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే తర్వాత మలేషియా తెలుగు సంఘం అయింది. నాలుగో తరం పిల్లలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు.

వాళ్ల ముత్తాతలు ఈ నీలి ఆకుని చూసి ఉండే అవకాశం తక్కువే. ఇది కొండల మీది మొక్క, తోటలు మైదానంలోవి. కొండల వంతు తర్వాత వచ్చింది. కామెరాన్ హైలాండ్స్‌కి రోడ్డు పడింది, 1930ల నాటికి టీ తోటలు ఎక్కాయి, ఆ తర్వాత కూరగాయల తోటలు. ఇప్పుడు అక్కడికి టూరిస్టుగా వెళ్తే కొండ వాలుల మీద ప్లాస్టిక్ కప్పులు మెరుస్తూ కనిపిస్తాయి. గొడుగు లేని చోట మసక లేదు, మసక లేని చోట ఈ మొక్క చేసుకున్న ఏర్పాటంతా వృథా. ఎండ తగిలితే పొడిబారిపోయే ప్రాణం అది. సున్నపురాయి కొండల బెగోనియాల సంగతి ఇంకా దారుణం. కొండని సిమెంటు కోసం తవ్వేస్తే, ఆ ఒక్క కొండ మీదే ఉన్న జాతి ఆ వారంలోనే ప్రపంచం నుంచి పోతుంది. దానికి ఏ భుజం మీదా ముద్ర కూడా మిగలదు.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. అయితే బెగోనియా పేరు మార్చేయాలా? ఇది ఊరికే సోషల్ మీడియా గొడవ కాదు. 2024 జూలైలో మాడ్రిడ్‌లో ప్రపంచ వృక్షశాస్త్రవేత్తల మహాసభ జరిగింది. ఆఫ్రికా నల్లజాతివాళ్లని తిట్టే మాట నుంచి పుట్టిన 'కాఫ్రా' అనే పదం 200కి పైగా మొక్కలు, శిలీంధ్రాలు వగైరా పేర్లలో ఉంది. ఓటింగ్ పెట్టి దాన్ని 'ఆఫ్రా'గా మార్చారు, అంటే ఆఫ్రికాది అని. ఒక్క అక్షరం తీసేశారంతే. మనుషుల పేర్లతో ఉన్న పాత పేర్ల జోలికి మాత్రం పోలేదు. 2026 నుంచి కొత్తగా పెట్టే పేర్లు ఎవరినైనా కించపరిస్తే తిప్పికొట్టే వీలు పెట్టుకున్నారు.

నా వరకు అడిగితే, పేరు ఉండనివ్వండి. 2 వేల పేర్లు మారిస్తే శాస్త్రవేత్తల సగం జీవితం పాత పుస్తకాలు సరిచేయడంలోనే పోతుంది, ఆ టైములో ఇంకో నాలుగు కొండలు పోతాయి. కానీ ఏ తోటలో బెగోనియా పక్కన బోర్డు పెట్టి 'మిషెల్ బెగోన్ అనే ఫ్రెంచ్ అధికారి గౌరవార్థం' అని రాస్తారో, ఆ కింద ఇంకో లైను ఉండాలి, ఆయన రాసిన చట్టం పేరుతో సహా. దీంతో మీరు ఒప్పుకోకపోవచ్చు. మా ఎడిటర్ ఒప్పుకోలేదు, రాత్రి దీని మీదే ఒక గంట వాదించుకున్నాం. పేరు మార్చాల్సిందే అంటాడు తను.

రిడ్లీ వందేళ్లు దాటి బతికాడు. 1956 అక్టోబర్‌లో, క్యూ గార్డెన్స్ పక్కనే ఉన్న ఇంట్లో చనిపోయాడు. తను నెమలి అని పిలిచిన ఆకు ఎందుకు నీలంగా ఉందో ఆయనకి చివరిదాకా తెలియదు. సరిగ్గా అరవై ఏళ్లకి, మళ్లీ అక్టోబర్‌లోనే, ఆ పూతరేకు పొరల లెక్క అచ్చయింది.

వచ్చే ఎపిసోడ్‌లో అస్సాం రెక్స్ సంగతి చూద్దాం. ఈలోపు ఎవరింట్లోనైనా బెగోనియా కుండీ ఉంటే, ఒక ఆకు తీసి మధ్య ఈనె మీద సగానికి మడిచి చూడండి. ఒక వైపు మిగులుతుంది. ఉంటాను.